ఎనభై తొమ్మిది పాయింట్ నాలుగు

మొన్న జనవరిలో ఓ గురువారం మధ్యాహ్నం, క్లయింటు ఆఫీసులో డేటాబేసు మైగ్రేషన్ గురించి అందరం తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు జేబులో ఫోను టింగుమంది. మా అమ్మాయి స్కూలు వాళ్ళ యాప్. ఈ దేశంలో పిల్లల మార్కులు పిల్లల కంటే ముందు తల్లిదండ్రుల జేబుల్లోకి వచ్చేస్తాయి. మా కాలంలోలాగా ప్రోగ్రెస్ కార్డు పుస్తకాల మధ్య దాచి, నాన్నగారి మూడ్ చూసుకుని సంతకానికి తీసే సౌకర్యం ఈ పిల్లలకి లేదు పాపం.

తొమ్మిదో తరగతి, మొదటి సెమిస్టరు. అన్నిట్లోనూ 90 పైనే. బయాలజీలో మాత్రం 89. వేలితో నొక్కితే లోపల అసలు అంకె కనబడింది: 89.4. ఇంకో పదో వంతు ఉంటే 90 కింద లెక్క కట్టేవారు. 90 అంటే 'ఏ'. 89 అంటే 'బి'.

ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో తెలుగువాళ్ళకి వివరించక్కర్లేదనుకుంటాను. నేను అరవలేదు. అరవకుండా అనగలిగినవన్నీ అన్నాను. "పదో వంతమ్మా! ఒక్క క్విజ్‌లో ఒక్క ప్రశ్న!" అన్నాను. "ఇప్పట్నించే ఇలా ఉంటే పెద్ద యూనివర్సిటీలు మొహం కూడా చూడవు" అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి "ముందు దాన్ని అన్నం తిననివ్వండి" అంది.

అమ్మాయి కంచంలోంచి తలెత్తి, "నాన్నా, దీనివల్ల ఎక్కడ, ఎంత పోతుంది? కరెక్టుగా చెప్పు" అంది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. నేను నోరు తెరిచి మళ్ళీ మూసేశాను. నాకు తెలీదు. రిక్వైర్‌మెంట్లు ఏమిటో కనుక్కోకుండా కోడ్ రాయొద్దని పాతికేళ్ళుగా జూనియర్లకి చెబుతున్నవాణ్ణి, కూతుర్ని ఏ కొలబద్దతో కొలుస్తున్నానో తెలీకుండానే కొలిచేస్తున్నాను.

ఇంతకీ నా దగ్గరున్న కొలబద్ద ఎక్కడిదంటే, 1992 నాటి ఎంసెట్‌ది. ఒక పరీక్ష, ఒక అంకె, ఒక వరస. ఆ వరసలో మీ ముందున్నవాళ్ళందరూ సీట్లు తీసుకున్నాక మిగిలింది మీది. మా నాన్నగారు తెనాలి దగ్గర ఓ హైస్కూల్లో లెక్కల మాస్టారు. నా ర్యాంకు నాలుగంకెల్లో వస్తుందని అందరికీ చెప్పుకున్నారు. అయిదంకెల్లో వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. వారం రోజులు మాతో కలిసి భోజనానికి కూర్చోలేదు, అంతే. తరవాత నేను బీఎస్సీ, ఎమ్‌సీఏ చదివి, వై2కె పుణ్యమా అని 1998లో ఈ దేశంలో దిగాను. కథ బాగానే నడిచింది. కానీ ఆ వారం రోజుల ఖాళీ పీట ఇప్పటికీ గుర్తే.

అందుకని చదవడం మొదలెట్టాను. రెండు నెలలు, రాత్రిళ్ళు. ఈ 'బి' అనేది ఎక్కణ్ణించి వచ్చింది, హార్వర్డ్ లాంటి చోట్ల దాన్ని ఎవరు, ఎప్పటినించి, ఏ కళ్ళతో చూస్తున్నారు అని. నేననుకున్నదానికీ అక్కడ కనబడినదానికీ పొంతనే లేదు. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ అక్షరం సంగతి. 1785లో యేల్ కాలేజీ అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్ 58 మంది విద్యార్థుల్ని పరీక్షించి, వాళ్ళని లాటిన్ పేర్లతో నాలుగు గుంపులుగా విడదీసి డైరీలో రాసుకున్నాడు. ఉత్తములు 20 మంది, రెండో రకం ఉత్తములు 16, తక్కువవాళ్ళు 12, మరీ నాసిరకం 10. అమెరికాలో గ్రేడ్ల చరిత్ర చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కణ్ణించే మొదలుపెడతారు. అక్షరాలు వచ్చింది చాలా తరవాత. 1897లో మసాచుసెట్స్‌లోని మౌంట్ హోల్యోక్ అనే ఆడపిల్లల కాలేజీ ఏ, బి, సి, డి, ఇ లని శాతాలకి ముడిపెట్టింది. అక్కడ 'ఏ' రావాలంటే కనీసం 95 రావాలి. 85 నించి 94 దాకా 'బి'. అంటే మా అమ్మాయి సంపాదించిన 89 ఆ రోజుల్లోనూ 'బి'నే. కాకపోతే పక్కన కూర్చున్న 93 కూడా 'బి'నే. గీత ఎక్కడ గియ్యాలన్నది దేవుడు చెప్పింది కాదు, ఓ కాలేజీ వాళ్ళు కూర్చుని నిర్ణయించుకున్నది.

ఆ 89 అనే అంకె మాత్రం ఎంత గట్టిది? 1912లో స్టార్చ్, ఎలియట్ అని ఇద్దరు ఒక పని చేశారు. ఇంగ్లీషు పరీక్షలో ఒకే కుర్రాడు రాసిన ఒకే జవాబుపత్రాన్ని అచ్చు తీయించి, రకరకాల హైస్కూళ్ళ టీచర్లకి పంపి దిద్దమన్నారు. 142 మంది దిద్ది పంపారు. ఆ ఒక్క కాగితానికి వచ్చిన మార్కులు 64 నించి 98 దాకా ఉన్నాయి! ఒక టీచరు దగ్గర అత్తెసరు మార్కులతో బయటపడినవాడు ఇంకో టీచరు దగ్గర క్లాస్ ఫస్ట్ అన్నమాట. ఇది చదివిన రాత్రి 89.4లో ఆ పాయింట్ నాలుగు గురించి నేను చేసిన గొడవ గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.

సరే, మార్కులు పక్కన పెడదాం. వాటిని చదివేవాళ్ళ దగ్గరికొద్దాం.

హార్వర్డ్ పుట్టింది 1636లో. అప్పట్నించీ అది మార్కుల మేరువని మనబోటివాళ్ళం అనుకుంటాం. నిజానికి 20వ శతాబ్దం మొదటి దాకా అక్కడ చేరడానికి కావలసింది గ్రేడ్లు కాదు, ప్రవేశపరీక్ష. చాలాకాలం పాటు అందులో లాటిన్, గ్రీకు. ఆ భాషలు నేర్పే స్కూళ్ళు ఉన్నవాళ్ళ పిల్లలే రాసేవారు. కొన్ని సబ్జెక్టులు తప్పినా పెద్ద బాధ లేదు. 'షరతు మీద' చేర్చుకునేవారు, తరవాత పాసై ఆ బాకీ తీర్చుకోవాలి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ మూడింట్లోనూ ఇలా బాకీతో చేరినవాళ్ళు కొల్లలు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో బ్యాక్‌లాగులంటామే, వీళ్ళు వాటితోటే గడప దాటేవారు. సీట్లెక్కువ, వచ్చేవాళ్ళు తక్కువ. ఫీజు కట్టగల పెద్దింటి కుర్రాణ్ణి వదులుకోవడం కాలేజీకి ఇష్టముండేది కాదు.

కాలేజీలు కొన్ని కలిసి ఒకే పరీక్ష పెట్టుకుందామని 1900 ప్రాంతంలో కాలేజ్ బోర్డును ఏర్పాటు చేసుకున్నాయి. 1901 జూన్‌లో పెట్టిన మొదటి పరీక్షలకి కూర్చున్నది దేశం మొత్తం మీద 973 మంది. ఎంసెట్‌కి మా తాలూకా నించి అంతకంటే ఎక్కువమందే వెళ్ళి ఉంటారు.

చిక్కు ఎప్పుడొచ్చిందంటే, పరీక్ష బాగా రాసేవాళ్ళు ఎక్కువైనప్పుడు. తూర్పు ఐరోపా నించి వలస వచ్చిన యూదుల పిల్లలు న్యూయార్కు, బోస్టన్ ప్రభుత్వ బడుల్లో చదివి, పరీక్ష రాసి, దర్జాగా లోపలికి వచ్చేశారు. హార్వర్డ్‌లో 1900లో 7 శాతం ఉన్న యూదు విద్యార్థులు 1922కి 21 శాతం దాటారు. అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కి ఇది నచ్చలేదు. 1922లో ఆయన 15 శాతం కోటా పెడదామన్నాడు. అది బయటికి పొక్కి పెద్ద దుమారమైంది. కోటా అన్న మాట ఒప్పుకోవడానికి 1923లో విశ్వవిద్యాలయమే నిరాకరించింది.

ఇక్కడొక తమాషా జరిగింది. పల్లెల నించీ, దక్షిణ, పశ్చిమ రాష్ట్రాల నించీ పిల్లల్ని రప్పించాలని అదే ఏడాది హార్వర్డ్ ఓ కొత్త పద్ధతి పెట్టింది. ఏ హైస్కూలైనా సరే, క్లాసులో పైనున్న ఏడో వంతులో ఉంటే ప్రవేశపరీక్ష లేకుండానే చేర్చుకుంటాం అని. వాళ్ళ లెక్క ప్రకారం వ్యవసాయదారుల పిల్లలు, చిన్న ఊళ్ళ క్రైస్తవుల పిల్లలు రావాలి. వాళ్ళూ వచ్చారు. యూదుల పిల్లలు కూడా ఇంకా ఎక్కువగా వచ్చేశారు! 1925కి వాళ్ళు 27 శాతం దాటారు. మార్కుల గీతకి కళ్ళు లేవు కదా. అవతలివాడు ఎవరి కొడుకో అది చూడదు.

చూడాలనుకున్నవాళ్ళు మరి కళ్ళు పెట్టుకున్నారు. దరఖాస్తులో కొత్త ప్రశ్నలు చేరాయి. జాతి, మతం, అమ్మ పుట్టింటి ఇంటిపేరు, నాన్న పుట్టిన ఊరు, మీ పేరు గానీ మీ నాన్న పేరు గానీ ఎప్పుడైనా మార్చుకున్నారా అని ఒకటి. 1926 నించి మొదటి ఏడాది సీట్లు వెయ్యికి పరిమితం చేశారు. ఫోటో అడిగారు. ఇంటర్వ్యూలు, సిఫార్సు ఉత్తరాలు, 'శీలం', 'వ్యక్తిత్వం', 'నాయకత్వం' అన్న మాటలు వచ్చాయి. కొద్దికాలంలోనే యూదుల వాటా 15 శాతం చుట్టుపక్కలకి దిగిపోయింది. లోవెల్ అడిగిన అంకె, కోటా అన్న పేరు లేకుండా. జెరోమ్ కారబెల్ అనే సామాజిక శాస్త్రవేత్త పాత ఫైళ్ళు తిరగేసి 2005లో రాసిన లావుపాటి పుస్తకం నిండా ఇదే కథ.

ఇది చదివి కాసేపు లాప్‌టాప్ మూసేసి కూర్చున్నాను. ఎందుకంటే ఇవాళ మా పిల్లల చేత మేము పరుగులు పెట్టించేవన్నీ అవే. వయొలిన్, డిబేటు, ఆసుపత్రిలో వలంటీరు పని, ఎస్సే, సిఫార్సు ఉత్తరం. మార్కులు మాత్రమే కాదు, మొత్తం మనిషిని చూస్తాం అంటారే, వినడానికి ఎంత బాగుంటుందో! మార్కుల్లో తేలికగా గెలుస్తున్న ఒక వలస జాతిని ఆపడానికి ఆ మాట పనికొచ్చింది మొదట్లో.

అలాగని అది కేవలం దుర్మార్గమని తేల్చేస్తే కథ సగమే చెప్పినట్టు. ఆ 1926లోనే, జూన్ 23న, మొదటి శాట్ పరీక్ష జరిగింది. దాదాపు 8,000 మంది రాశారు. తయారుచేసిన కార్ల్ బ్రిగమ్ జాతుల తెలివితేటల్లో ఎక్కువ తక్కువలున్నాయని 1923లో పుస్తకం రాసినవాడు. 1930లో తన వాదం తప్పని తనే ఒప్పుకున్నాడు. ఆ పరీక్షనే హార్వర్డ్ తరవాతి అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ పేదింటి తెలివైన కుర్రాళ్ళని వెతికి స్కాలర్‌షిప్పులు ఇవ్వడానికి వాడాడు. ఒకరు వేరుచెయ్యడానికి చేసిన కత్తి, ఇంకొకరి చేతిలో దారి కొట్టే కత్తి అయింది.

1950ల నాటికి దరఖాస్తులు పెరిగాయి. మరి మార్కుల ప్రకారం పైనించి కిందకి వరసగా తీసుకోవచ్చుగా? హార్వర్డ్‌లో 1952 నించి 1960 దాకా ప్రవేశాలు చూసిన విల్బర్ బెండర్ వద్దన్నాడు. అచ్చంగా చదువులో మొదటి శాతం వాళ్ళతోటే క్లాసు నింపితే అది ఎలాంటి కాలేజీ అవుతుందని అడిగాడు. ఆయన తరవాత ఆ కుర్చీలోకి వచ్చిన ఫ్రెడ్ గ్లింప్ ఇంకో మాట అన్నాడు. ఎంత గొప్పవాళ్ళని తెచ్చినా క్లాసులో ఎవరో ఒకరు కింది పావులో ఉండాల్సిందే కదా. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ ఫస్టు వచ్చినవాణ్ణి తెచ్చి అక్కడ కూలేస్తే వాడు కుమిలిపోతాడు. అందుకని అక్కడ ఉన్నా సంతోషంగా ఉండగలిగేవాళ్ళని, ఇంకేదో బలం ఉన్నవాళ్ళని చూసి తీసుకుందాం అని.

ఈ మాటలో నిజముంది. ఆ సంతోషపు సీట్లు ఎవరికి దక్కాయన్నది వేరే సంగతి. ఆటగాళ్ళకి, పూర్వ విద్యార్థుల కొడుకులకి ఎక్కువగా. కానీ నాకు కావలసిన జవాబు ఒకటి దొరికింది. ఆ గడప దగ్గర తక్కువ మార్కు ఎప్పుడూ తలుపు మూసెయ్యలేదు. కాకపోతే ఎవరి తక్కువ మార్కు అన్నది చూశారు.

ఇవాళ్టి లెక్కలు కూడా బయటికొచ్చాయి, కోర్టు పుణ్యమా అని. హార్వర్డ్ మీద వేసిన దావా 2018లో బోస్టన్‌లో విచారణకి వచ్చింది. 2019లో చేరే బ్యాచి అనుకోండి, కాదు, 2019లో బయటికొచ్చే బ్యాచికి సుమారు 35,000 మంది దరఖాస్తు చేశారు. సీటు ఇచ్చి చేరతారనుకున్నది 1,600 మంది. ఆ దరఖాస్తుల్లో జీపీఏ నిఖార్సుగా నిండుగా ఉన్నవాళ్ళు 8,000 మందికి పైనే. శాట్ లెక్కల్లో పూర్తి మార్కులు 3,400 మందికి, ఇంగ్లీషులో 2,700 మందికి. ఒక్క మచ్చ లేనివాళ్ళనే తీసుకున్నా అయిదు కాలేజీలు నిండుతాయి. అంటే నిండు మార్కులకి అక్కడ హామీ లేదు. 89.4 సవరించి 90 చేసినా మా అమ్మాయి నిలబడేది ఆ 8,000 మంది క్యూలోనే.

అదే విచారణలో ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. ఆటగాళ్ళు, పూర్వ విద్యార్థుల పిల్లలు, డీన్ జాబితాలో ఉన్నవాళ్ళు, అధ్యాపకుల పిల్లలు అందరూ కలిపి దరఖాస్తుల్లో 5 శాతం, సీట్లలో మాత్రం 30 శాతం చుట్టుపక్కల. రెండోది, మనలాంటి ఆసియా మూలాలవాళ్ళకి చదువులో రేటింగ్ ఎక్కువ, వ్యక్తిత్వపు రేటింగ్ తక్కువ. కావాలని చేసిన వివక్ష కాదని 2019లో కింది కోర్టు, 2020లో పై కోర్టు అన్నాయి. 2023 జూన్ 29న సుప్రీం కోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడమే కుదరదని తీర్పు చెప్పింది. వ్యక్తిత్వానికి మార్కులు వేసే అలవాటు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇదంతా చదివాక నాలోని ఎంసెట్ కుర్రాడు లేచి కూర్చున్నాడు. "ఈ పెత్తనాలన్నీ ఎందుకు? ఒక గీత గీసెయ్యండి, పైనున్నవాళ్ళు లోపలికి, కిందవాళ్ళు బయటికి. కులం, గోత్రం, వయొలిన్ ఏమీ వద్దు!" అన్నాడు. ఆ గీత ఎలా ఉంటుందో చూడ్డానికి దూరం వెళ్ళక్కర్లేదు. నేనుండేది డాలస్ పక్కనే. టెక్సస్‌లో అచ్చంగా అలాంటి చట్టమే ఉంది.

1996లో ఇక్కడి ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు ప్రవేశాల్లో జాతిని చూడొద్దంది. మరి మెక్సికన్ మూలాల పిల్లలు, నల్లవాళ్ళ పిల్లలు, పశ్చిమాన పత్తి పొలాల మధ్య ఊళ్ళ పిల్లలు ఆస్టిన్ యూనివర్సిటీకి వచ్చేదెలా? 1997లో ఇర్మా రేంజెల్ అనే శాసనసభ్యురాలు పెట్టిన బిల్లు చట్టమైంది. టెక్సస్ శాసనసభకి ఎన్నికైన మొదటి మెక్సికన్ అమెరికన్ మహిళ ఆవిడ. రాష్ట్రంలో ఏ హైస్కూలైనా సరే, క్లాసులో పై 10 శాతంలో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు ఖాయం. 1923లో హార్వర్డ్ పెట్టిన పద్ధతి 74 ఏళ్ళకి ఇక్కడ మళ్ళీ తలెత్తింది, ఈసారి అందరినీ రానివ్వడానికి. అంతకు ముందు ఆస్టిన్ మొహం చూడని ఊళ్ళ నించి పిల్లలు వచ్చారు. గీతకి కళ్ళు లేకపోవడమే ఇక్కడ దాని మంచితనం.

జనం పెరిగేకొద్దీ ఆస్టిన్‌లో ఆ 10 శాతం తగ్గుతూ వచ్చింది. కొన్నేళ్ళు 6 శాతం. 2026లో చేరేవాళ్ళ నించి 5 శాతం. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళ స్కూళ్ళు చూడండి. 800 మంది ఉన్న క్లాసులో 5 శాతమంటే 40 మంది. నలభయ్యో పిల్లకీ నలభై ఒకటో పిల్లకీ తేడా దశాంశాల్లోనే. ఏపీ కోర్సులకి అదనపు పాయింట్లు కాబట్టి అందరూ వాటి మీదే పడతారు (ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదండోయ్, కాలేజీ స్థాయి పాఠాలు హైస్కూల్లోనే చెప్పే కోర్సులు). బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్ల, ఆర్ట్ క్లాసుకి అదనపు పాయింట్లు లేవని మానేస్తుంది. ర్యాంకు కోసం సులువైన స్కూలుండే పేటకి ఇల్లు మారే తల్లిదండ్రుల గురించి ఆర్థిక శాస్త్రవేత్తలు పరిశోధన పత్రాలే రాశారు. మనకిది కొత్తా? రెసిడెన్షియల్ కాలేజీల హాస్టళ్ళలో తెల్లవారుజాము నాలుగింటికి లేచినవాళ్ళమే కదా!

పైగా ఆ గీత లోపల ఉంటే దొరికేది యూనివర్సిటీలో సీటు. మన జాతీయ కోరికైన కంప్యూటర్ సైన్సులో సీటు కాదు. దాన్ని మళ్ళీ మనుషులే చదివి నిర్ణయిస్తారు.

అంటే మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఒకే జవాబు లేదు. ఒకే 89కి చోటును బట్టి విలువ మారుతుంది. ఆస్టిన్ గీత దగ్గర అది నిజంగానే నాలుగు ర్యాంకులు కిందకి తొయ్యగలదు, స్కూలు లెక్క కట్టే పద్ధతిని బట్టి. కాలిఫోర్నియా యూనివర్సిటీలు జీపీఏ లెక్కకట్టేది తొమ్మిదో తరగతి అయ్యాక తీసుకున్న కోర్సులతో. తొమ్మిదిలో వచ్చిన 'బి' వాళ్ళ లెక్కలోకే రాదు. హార్వర్డ్ లాంటి చోట దాన్ని ఎవరో ఒకరు కాగితం మీద చూస్తారు. ఆ స్కూల్లో ఏ కోర్సులున్నాయి, ఈ పిల్ల కష్టమైనవి ఎంచుకుందా, తరవాత పైకి వచ్చిందా కిందికి వెళ్ళిందా అని చూస్తారు. కోవిడ్ కాలంలో శాట్ ఐచ్ఛికం చేసినవాళ్ళలో ఎమ్‌ఐటీ 2022లో, డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్ 2024లో మళ్ళీ తప్పనిసరి అన్నాయి. డార్ట్‌మత్ చెప్పిన కారణం గమనించాలి. వసతుల్లేని స్కూళ్ళ పిల్లలు తమ స్కోరు తక్కువనుకుని పంపకుండా దాచుకుంటున్నారట. ఆ స్కూలు నించి అంత రావడమే గొప్పని వాళ్ళకి తెలీక.

చదివే మనిషిని బట్టే అంతా అంటే భయమే. మన రామానుజన్ సంగతే చూడండి. 1904లో కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్పుతో చేరి, లెక్కలు తప్ప మిగతావి వదిలేసి, స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నాడు. ఆ అవమానంతో 1905లో ఇంట్లో చెప్పకుండా పారిపోయింది ఎక్కడికనుకున్నారు? మన విశాఖపట్నానికే. తరవాత మద్రాసులో ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పాడు. డిగ్రీ లేదు. గీత ప్రకారం కథ అక్కడితో సరి. ఆయన కేంబ్రిడ్జికి రాసిన ఉత్తరాల్లో బేకర్, హాబ్సన్ అనే ఇద్దరు పెద్దవాళ్ళకి చేరినవి పని చెయ్యలేదు. 1913 జనవరిలో మూడో మనిషి హార్డీకి చేరింది పని చేసింది. అదే ఏడు మద్రాసు యూనివర్సిటీ నిబంధన సడలించి నెలకి 75 రూపాయలిచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో. అందరం రామానుజన్‌లం కామనుకోండి. కానీ గీత మూసిన తలుపు ఒక మనిషి తీశాడు. ఆ మనిషి దొరక్కముందు ఇద్దరు మనుషులు తియ్యలేదు. రెండూ గుర్తుంచుకోవాలి.

గీతకి కళ్ళుండవు కాబట్టి న్యాయం, కళ్ళుండవు కాబట్టే అన్యాయం. మనిషికి కళ్ళుంటాయి, వాటితో ఏం చూస్తాడో ఆ మనిషి ఇష్టం. ఈ వందేళ్ళ చరిత్ర ఈ రెంటి మధ్య ఊగుతూనే ఉంది.

మార్చిలో ఓ ఆదివారం వాట్సాప్‌లో నాన్నగారితో మాట్లాడుతూ ఇదంతా చెప్పాను. ఆయనకి 84 ఏళ్ళు. లోవెల్ కోటా దగ్గర "అమ్మ పుట్టింటి పేరు కూడా అడిగారా!" అని ఆశ్చర్యపోయారు. నేను ఆగలేక, "ఆ ఎంసెట్ వారం మీరు మాతో భోంచెయ్యలేదు గుర్తుందా?" అని అడిగేశాను.

కాసేపు ఏమీ అనలేదు. "కోపమనుకున్నావా?" అన్నారు. "కర్ణాటకలో ఏదో కాలేజీలో డొనేషన్ సీటుందన్నారు. అప్పు కోసం తిరిగానురా. పొద్దుటే గుంటూరు, రాత్రికి ఇంటికి. ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వలేదని మీ అమ్మకి చెప్పడానికి మొహం చెల్లక అరుగు మీదే పడుకునేవాణ్ణి."

ముప్ఫయ్యేళ్ళుగా ఆ ఖాళీ పీటని నేను తప్పు చదివాను. పక్కనే ఉన్న మనిషినే, కన్నతండ్రినే.

ఆ సాయంత్రం అమ్మాయి గదిలోకి వెళ్ళాను. మూడు చోట్ల ఆ 'బి' ఏమవుతుందో ఒక కాగితం మీద రాసిచ్చాను, అడిగింది కదా. చదువుకుని, "అయితే ఒక చోట తగ్గుతుంది, ఒక చోట తగ్గదు, ఒక చోట ఎవరు చదివితే వాళ్ళని బట్టి" అంది. అవునన్నాను.

"మరి ఇక్కడ?" అంది. ఇంట్లో అని దాని ఉద్దేశం.

ఏం చెప్పాలో తోచలేదు. "ఆ బయాలజీలో నీకు అర్థం కానిదేమిటో చూపించమ్మా" అన్నాను. కణ విభజనట. పుస్తకం ముందుకి తోసింది. నాకూ ఏమీ అర్థం కాలేదు. ఇద్దరం తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం.